క్రూజ్ పల్లెల్లో స్థిరపడడం: అక్కడ ఉంటున్నవారి అనుభవాలు కావాలి

కృష్ణలంక | 10 జనవరి 2026

అందరికీ నమస్కారం. ఏడేళ్లుగా పారిస్ శివార్లలో ఉంటున్నాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా భార్యది మంగళగిరి. పాపకు ఆరేళ్లు. ఇరుకు ఇంటికి జీతంలో మూడో వంతు అద్దె కడుతున్నాం. నెలకు నాలుగు రోజులు ఆఫీసుకు వస్తే చాలని మా సంస్థ ఈ మధ్యే చెప్పింది. అప్పటి నుంచి ఇంట్లో రోజూ ఇదే చర్చ.

ఫ్రాన్స్ నడిబొడ్డున ఉన్న క్రూజ్ డిపార్ట్‌మెంటులో (మన జిల్లా లాంటిది), ఒబ్యుసోన్ దగ్గర ఒక ఊళ్లో ఇల్లు అమ్మకానికి ఉంది. గ్రానైట్ రాతి గోడలు, మూడు గదులు, వెనక పెరడు, అందులో రెండు ఆపిల్ చెట్లు. అడుగుతున్న ధర 68 వేల యూరోలు. ఇక్కడ ఆ డబ్బుకు ఒక మంచి గది రావడమే కష్టం.

ఆ డిపార్ట్‌మెంటు మొత్తం జనాభా లక్షా పదిహేను వేల చిల్లర. అక్కడ తెలుగు మాట వినిపించదని, కొట్లో కరివేపాకు దొరకదని తెలుసు. తెలియనివే అడుగుతున్నాను. ఆ ఊళ్లు పరాయి దేశం వాళ్లను దగ్గరకు రానిస్తాయా? పాప బడి ఎలా? నా భార్యకు ఫ్రెంచి ఇంకా తడబాటే. పగలంతా నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉండిపోతుందేమోనని నా బెంగ.

చలిమంట | 10 జనవరి 2026

కృష్ణలంక గారూ, నేను క్రూజ్‌లోనే గెరే పట్టణానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. మా ఊళ్లో ఉన్నది 340 మంది.

ముందుగా ఒక మాట. ఆ ఇంటిని మే నెలలో చూడకండి. మే నెలలో క్రూజ్ అంతా పచ్చగా, ఏటి చప్పుడుతో, ఎవరినైనా కట్టిపడేస్తుంది. ఫిబ్రవరిలో, వాన పడుతున్న మంగళవారం సాయంత్రం వెళ్లి చూడండి. ఆ రోజు కూడా మీకు ఆ ఇల్లు నచ్చితే అప్పుడు ముందుకు వెళ్లండి.

చలి గురించి విన్నది వేరు, ఇంట్లో అనుభవించేది వేరు. అరవై సెంటీమీటర్ల రాతి గోడ ఒకసారి చల్లబడితే మళ్లీ వేడెక్కడానికి రెండు రోజులు పడుతుంది. మాది కట్టెల పొయ్యి. ఇక్కడ కట్టెలను స్తేర్ లెక్కన అమ్ముతారు. పేర్చిన కట్టెలు ఒక ఘనమీటరు అయితే ఒక స్తేర్. మా ఇంటికి ఏటా ఎనిమిది పడతాయి. మొదటి ఏడాది నాకు తెలియక పచ్చి కట్టెలు కొన్నాను. ఇల్లంతా పొగ, గొట్టం నిండా మసి. పక్కింటి పెద్దాయన వచ్చి రెండు దుంగలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూపించారు. ఎండిన దుంగలు ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. ఓక్ కట్టె రెండేళ్లు ఎండాలట. ఆ మధ్యాహ్నం ఆయన తన కొట్టంలోంచి రెండు స్తేర్ల ఎండు కట్టెలు చక్రాల బండిలో తెచ్చి మా గోడ పక్కన పేర్చి వెళ్లారు. డబ్బు తీసుకోలేదు. నేను గారెలు చేసి తీసుకెళ్లాను. మా స్నేహం అలా మొదలైంది.

ఇక మనుషుల సంగతి. కొట్లో అడుగు పెట్టగానే ‘బోంజూర్’ అనాలి. కొట్టువాడికే కాదు, లోపల ఉన్న అందరికీ. అది అనకుండా నేరుగా ‘రొట్టె కావాలి’ అంటే ఇంట్లోకి చెప్పులతో వచ్చినట్టు చూస్తారు. నవంబరు, డిసెంబరు నెలల్లో అగ్నిమాపక దళం వాళ్లు, పోస్టు మనిషి క్యాలెండర్లు పట్టుకుని ఇంటింటికీ వస్తారు. తోచినంత ఇచ్చి, లోపలికి పిలిచి కాఫీ ఇవ్వండి. ఊళ్లో మీ గురించి మంచి మాట పుట్టేది అక్కడే. జనవరిలో మేయర్ అందరినీ పిలిచి శుభాకాంక్షలు చెప్పే సభ ఉంటుంది, దానికి తప్పకుండా వెళ్లండి. నవంబరు 11న యుద్ధ స్మారకం దగ్గర నిలబడండి. ఇంత చిన్న ఊళ్లో రాకపోవడం కూడా అందరికీ కనిపిస్తుంది.

వేపచెట్టు | 11 జనవరి 2026

చలిమంట గారు చెప్పినవన్నీ నిజమే. అయినా మేం రెండేళ్లకే తిరిగి వచ్చేశాం. ఎందుకో కూడా వినండి.

నాకు రెండోసారి ఎనిమిదో నెల. రాత్రి రెండింటికి నొప్పులు మొదలయ్యాయి. ప్రసూతి ఆసుపత్రి మా ఇంటికి మామూలు రోజున 50 నిమిషాల దూరం. ఆ రోజు రోడ్డు మీద మంచు గడ్డకట్టి ఉంది. మా వారు అత్యవసర వైద్య సాయం నంబరు 15కు ఫోన్ చేశారు. వణుకుతూ, మూడు ముక్కల ఫ్రెంచిలో ఊరి పేరు చెప్పడానికే ఆయనకు రెండు నిమిషాలు పట్టింది. అగ్నిమాపక దళం వాహనం వచ్చింది. ఈ దేశంలో ఆ దళంలోని ఐదుగురిలో దాదాపు నలుగురు స్వచ్ఛందంగా పనిచేసేవారే. నా చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషి రోజూ మాకు ఉత్తరాలు పంచే ఆవిడే. బాబు క్షేమంగా పుట్టాడు. ఆ ఊరి మనుషులకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

కానీ ఆ తర్వాత నాకు రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. బాబుకు కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, దారి గుర్తొచ్చేది. దగ్గరలోని వైద్యుడు కొత్తవారిని చేర్చుకోవడం మానేశారు. అధికారికంగా ‘మన వైద్యుడు’ అని నమోదు చేసుకోవలసిన డాక్టరు దొరకడానికి పద్నాలుగు నెలలు పట్టింది. మనుషుల మంచితనం వేరు, డాక్టరు దగ్గరలో ఉండడం వేరు. కృష్ణలంక గారూ, ఇంటి కన్నా ముందు వైద్యుడిని వెతకండి. ఫోన్ చేసి ‘కొత్తవారిని చేర్చుకుంటున్నారా’ అని అడగండి. లేదంటే ఆ ఊరు వదిలేసి పక్క ఊరు చూడండి.

పెరటి బావి | 11 జనవరి 2026

ఇల్లు కొనే విషయంలో నేను దెబ్బ తిన్నాను, మీరు తినకూడదని రాస్తున్నాను.

పల్లెల్లో చాలా ఇళ్లకు ఊరి మురుగు కాలువ ఉండదు, సెప్టిక్ ట్యాంకే. అమ్మేవాళ్లు దాని తనిఖీ నివేదిక ఇవ్వాలి, అది మూడేళ్ల లోపుదై ఉండాలి. ట్యాంకు నిబంధనలకు తగ్గట్టు లేకపోతే కొన్నవాళ్లే ఏడాదిలోగా బాగు చేయించాలి. నా నివేదికలో ఆ మాట ఆరో పేజీలో ఒక్క వాక్యంగా ఉంది. నేను చదవలేదు. పెరడంతా తవ్వి కొత్తది వేయించేసరికి ఇంటి ధరలో ఆరో వంతు ఖర్చయింది.

నొతేర్ (ఆస్తి పత్రాలు రాసి నమోదు చేసే అధికారి) ఖర్చులు పాత ఇంటికి ధర మీద 7 నుంచి 8 శాతం అని చెబుతారు. చౌక ఇళ్లకు ఆ శాతం ఇంకా పెరుగుతుంది. ముందస్తు ఒప్పందం మీద సంతకం పెట్టాక మనసు మార్చుకోవడానికి మీకు 10 రోజుల గడువు ఉంటుంది. ఆ పది రోజుల్లో ప్రతి కాగితమూ ఫ్రెంచి బాగా వచ్చినవారి పక్కన కూర్చుని చదవండి. విద్యుత్తు, వేడి ఖర్చుల గ్రేడు A నుంచి G వరకు ఉంటుంది. క్రూజ్‌లో మీరు చూసే చౌక ఇళ్లలో F, G గ్రేడువే ఎక్కువగా కనబడతాయి. G గ్రేడు ఇళ్లను 2025 జనవరి 1 నుంచి కొత్తగా అద్దెకు ఇవ్వడానికి వీల్లేదు. అంటే రేపు మీరు ఊరు వదిలినా దాన్ని అద్దెకు ఇచ్చుకోలేరు.

గోరింక | 13 జనవరి 2026

నేను గుంటూరు నుంచి అడుగుతున్నాను. ఒక్క యూరోకే ఇల్లు ఇస్తున్న ఊళ్లు ఫ్రాన్స్‌లో ఉన్నాయని చూశాను. అలా ఇల్లు కొంటే కుటుంబంతో వచ్చి ఉండడానికి వీసా వస్తుందా?

కాగితాల కట్ట | 13 జనవరి 2026

రాదు తమ్ముడూ. ఫ్రాన్స్‌లో ఎంత పెద్ద ఇల్లు కొన్నా దానివల్ల నివాస హక్కు రాదు. ఒక్క యూరో ఇళ్లకు షరతులు ఉంటాయి. నిర్ణీత గడువులో బాగు చేయించాలి, అందులోనే కొన్నేళ్లు నివసించాలి. కూలిన పైకప్పు వేయించడానికే వేల యూరోలు అవుతాయి. ఉన్న ఊళ్లో భూమి అమ్మి ఇలాంటి వాటి మీద పెట్టకండి, దయచేసి.

పని చేయకుండా ఉండడానికి సందర్శకుల దీర్ఘకాలిక వీసా ఉంది. ఇక్కడి కనీస వేతనానికి తగ్గకుండా ఆదాయం చూపాలి, ఏ ఉద్యోగమూ చేయనని రాసి ఇవ్వాలి. కాబట్టి అది పింఛను ఉన్నవారికే నప్పుతుంది. ఉద్యోగం చేయాలంటే యజమాని ముందుగా పని అనుమతి తెచ్చుకోవాలి. ఏ దీర్ఘకాలిక వీసాతో వచ్చినా, అది నివాస కార్డుతో సమానమైనదైతే, దిగిన మూడు నెలల్లోగా ఇంటర్నెట్లో ధ్రువీకరించుకోవాలి.

కృష్ణలంక గారికి రెండు మాటలు. ఇల్లు మారిన మూడు నెలల్లోగా కొత్త చిరునామా ప్రిఫెక్చరుకు (నివాస కార్డులు ఇచ్చే ప్రభుత్వ కార్యాలయం) తెలియజేయాలి. ఇంకొకటి ముఖ్యం. 2026 జనవరి 1 నుంచి పదేళ్ల నివాస కార్డుకు ఫ్రెంచిలో B1 (మధ్యస్థ) స్థాయి, పౌరసత్వానికి అంతకు పైదైన B2 స్థాయి చూపాలి. దానికి తోడు పౌర విజ్ఞాన పరీక్ష కూడా ఉంటుంది. అందుకే మీ భార్య ఫ్రెంచిని పల్లెకు వెళ్లాక చూద్దాంలే అని వదిలేయకండి. ఇక్కడ పల్లెలకు ‘ఫ్రాన్స్ సేవల’ కేంద్రాలు ఉన్నాయి. పన్ను, ఆరోగ్య బీమా, పింఛను కాగితాలకు మనిషి పక్కన కూర్చుని సాయం చేస్తారు. పారిస్‌లో వరుసలో నిలబడి అలవాటైనవారికి అది పెద్ద ఊరట.

జనన ధ్రువపత్రం సంగతి కూడా చెబుతాను. మన పాత పత్రాల్లో ఇంటిపేరు ఉండదు, లేదా పొడి అక్షరంగా ఉంటుంది. ఇక్కడి ఆరోగ్య బీమా కార్యాలయానికి అది అర్థం కాదు. అపోస్టిల్ (పత్రం అసలైనదని ధ్రువీకరించే ముద్ర) వేయించి, ప్రమాణం చేసిన అనువాదకుడితో తర్జుమా చేయించి, పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అలాగే ఉండేలా చూసుకోండి. నా ఇంటిపేరు, అసలు పేరు తారుమారై కార్డు రావడానికి పదకొండు నెలలు పట్టింది.

కృష్ణలంక | 14 జనవరి 2026

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. వేపచెట్టు గారి మాటలు చదివి నా భార్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది: ‘నాకు కారు నడపడం రాదు కదా, నువ్వు పారిస్ వెళ్లిన రోజు పాపకు జ్వరం వస్తే?’ నా దగ్గర జవాబు లేదు. అక్కడ లైసెన్సు లేకుండా ఎలా గడుస్తుంది?

బడిగంట | 14 జనవరి 2026

అన్నా, ఇది మీ భార్యకే రాస్తున్నాను, చూపించండి.

గడవదు చెల్లీ. నేర్చుకోవలసిందే. నేను క్రూజ్ పక్కనే ఉన్న కొరెజ్‌లో ఉంటాను, ఇద్దరు పిల్లలు. వచ్చిన కొత్తలో నాది ఖమ్మం లైసెన్సు. ఏడాది దాటాక అది చెల్లలేదు, మార్చి ఇవ్వలేదు. మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ముందు రాత పరీక్ష, 40 ప్రశ్నల్లో 35 సరిగ్గా చెప్పాలి. నేను మూడోసారి గట్టెక్కాను. కానీ ఆ పుస్తకమే నాకు ఫ్రెంచి నేర్పింది. దారి ఎవరిది, ఎక్కడ ఆగాలి, ఎక్కడ తిరగాలి, అన్నీ రోజూ వాడే మాటలే. ఈలోగా లైసెన్సు అక్కర్లేని చిన్న కార్లు ఉన్నాయి. గంటకు 45 కిలోమీటర్లు దాటవు. 1988కి ముందు పుట్టినవారికి ఏ కాగితమూ అక్కర్లేదు, తర్వాత పుట్టినవారు చిన్న శిక్షణ తీసుకుంటే చాలు. మా ఊళ్లో ముసలివాళ్లు చాలామంది వాటిలోనే సంతకు వెళతారు.

పాప బడి గురించి బెంగ పెట్టుకోకండి. మూడేళ్ల నుంచే చదువు తప్పనిసరి కాబట్టి పల్లె బడులకు ఆ వయసు పిల్లలు కొత్త కాదు. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడుస్తాయి. మూడు నాలుగు ఊళ్లు కలిసి బడులు పంచుకుంటాయి, ఒక ఊళ్లో చిన్నవాళ్లు, ఇంకో ఊళ్లో పెద్దవాళ్లు, మధ్యలో బస్సు. మీరు తెలుసుకోవలసింది ఒక్కటే: వచ్చే ఏడాది తరగతి మూసేస్తారా అని. పిల్లలు తగ్గితే తీసేస్తారు. మీ పాప ఒక్కతే చేరినా ఊరు సంతోషిస్తుంది. మా అమ్మాయిని చేర్చిన రోజు మేయర్ స్వయంగా వచ్చి చేతులు కలిపారు. బడి భోజనంలో వారానికి ఒక రోజు మాంసం లేని వంట చట్టప్రకారం ఉంటుంది. మిగతా రోజులకు వంటావిడతో ముందే మాట్లాడుకోండి.

తిండి సంగతి కూడా. సంతలో ‘ఒజెయ్’ అనే ఆకుకూర అడగండి. అది మన చుక్కకూరకు తోబుట్టువే, పుల్లగా ఉంటుంది. నేను దానితో పప్పు చేస్తాను, పచ్చడి నూరుతాను. పొయ్యి మీద వేయగానే ఆకుపచ్చ రంగు పోయి మట్టి రంగుకు మారుతుంది, రంగు చూసి భయపడకండి. గోంగూర కాదు కానీ, ముద్దలో కలిపి నెయ్యి వేసుకుంటే కళ్లు మూసుకుని తినొచ్చు. కందిపప్పు, చింతపండు మూడు నెలలకోసారి పారిస్‌లోని లా షాపెల్ నుంచి తెచ్చుకుంటాం. పెరట్లో ఒజెయ్ ఒకసారి నాటితే ఏటా తనంతట తనే వస్తుంది.

యానాం గాలి | 15 జనవరి 2026

ఈ చర్చ చదువుతుంటే మా తాతయ్య గుర్తొచ్చారు. యానాం 1954లో భారత్ చేతికి వచ్చింది. 1962లో దాని అప్పగింతపై భారత్-ఫ్రాన్స్ ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు ఆరు నెలల్లో రాసి ఇచ్చినవారికి ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే వీలు ఉండేది. ఆయన ఉంచుకున్నారు. తర్వాత ఈ దేశం వచ్చి ఒక చిన్న పట్టణంలో ఇరవై ఏళ్లు ఉన్నారు. చేతిలో ఇక్కడి కాగితం, నోట్లో ఇక్కడి భాష, అయినా ‘మీరెక్కడి వారు?’ అనే ప్రశ్న చివరి దాకా తప్పలేదు. మొదట్లో ఆయనకు అది గుచ్చుకునేది. తర్వాత తానే గోదావరి గురించి, పడవల గురించి చెప్పడం మొదలుపెట్టారు. పెరట్లో వంకాయలు పండించి పంచేవారు. ఆయన పోయినప్పుడు చర్చి ముందు నిలబడడానికి చోటు లేదు.

ఆ ప్రశ్న మీకూ ఎదురవుతుంది, పాపకూ ఎదురవుతుంది. చాలామంది ఆసక్తితో అడుగుతారు. కొందరు మాత్రం వేరే ఉద్దేశంతో అడుగుతారు. ఏది ఏమిటో రెండు వారాల్లో మీకే తెలుస్తుంది. పాపకు మాత్రం ముందే చెప్పి ఉంచండి.

వేపచెట్టు | 15 జనవరి 2026

చలిమంట గారూ, ఒకటి అడగాలి. మీరు ఒంటరితనం గురించి ఏమీ రాయలేదు. జనవరిలో ఐదున్నరకే చీకటి పడి, తలుపులన్నీ మూసేశాక, ఎవరితోనూ తెలుగులో మాట్లాడకుండా వారం గడిచిపోయేది నాకు. మీకు అలా ఉండేది కాదా?

చలిమంట | 16 జనవరి 2026

ఉండేది తల్లీ. మొదటి రెండు చలికాలాలు నేనూ అద్దం ముందు నిలబడి తెలుగులో మాట్లాడుకున్నాను. దాన్ని దాచకూడదు, మీరు అడిగి మంచి పని చేశారు.

నాకు దారి చూపింది ఊరి ఉత్సవ సంఘం. జూన్‌లో పాత సామాన్ల సంత పెడతారు, బల్లలు మోయడానికి మనుషులు కావాలన్నారు. వెళ్లాను. మాట రాకపోయినా బల్ల మోయవచ్చు. అలా రెండు బల్లలు మోసినవాడిని మూడో ఏడాదికి వంటశాలలో పెట్టారు, ఇప్పుడు లెక్కలు నా దగ్గరే ఉన్నాయి. అయినా అందరికీ ఇది కుదరాలని లేదు. నాకు అప్పుడు చంటిబిడ్డ లేడు, మీకు ఉన్నాడు. మీరు వెళ్లిపోవడం ఓటమి కాదు.

కృష్ణలంక | 1 మార్చి 2026

మా పాప సెలవుల్లో వెళ్లి వచ్చాం. పారిస్ పిల్లలకు సెలవులు మొదలైనప్పటికి అక్కడివి అయిపోయాయి, అందుకని బడి నడుస్తుండగానే చూడగలిగాం. పారిస్ ఒస్తెర్లిట్స్ నుంచి లా సుతెరెన్‌కు సుమారు మూడు గంటల రైలు, అక్కడి నుంచి అద్దె కారులో గంటకు పైగా. చలిమంట గారు చెప్పినట్టే వాన, మంగళవారం సాయంత్రం.

ఆ 68 వేల ఇల్లు వద్దనుకున్నాం. గ్రేడు G, ట్యాంకు నివేదిక ఐదేళ్ల నాటిది. తలుపు తీయగానే తడి గోడ వాసన. పాప కోటు విప్పలేదు.

నాకు ఆశ పోయింది. మర్నాడు ఒబ్యుసోన్‌లో తిరిగాం. ఊరు మూడు వేల పైచిలుకు జనం, కొండల మధ్య ఏరు. అక్కడి టాపెస్ట్రీ (బొమ్మలు నేసిన గోడ తెరలు) నేత 2009 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉందని చదివాను కానీ, ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. ఒక నేత గదిలో అడ్డంగా పరిచిన మగ్గం, దాని మీద వంగి ఒకావిడ. నా భార్య నాన్నగారు మంగళగిరిలో గుంట మగ్గం నేసేవారు. తను లోపలికి వెళ్లి ‘బోంజూర్’ అంది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు చాలా తక్కువ. అక్కడ నాడె ఉండదు, రంగు నూలు చుట్టిన చిన్న కర్ర కండెలను చేత్తోనే పడుగులోంచి దాటిస్తారు. నేసేది వెనక వైపు. ముందు వైపు ఎలా వస్తోందో చూసుకోవడానికి మగ్గం కింద చిన్న అద్దం పెడతారు. ఆవిడ ఆ అద్దాన్ని నా భార్య చేతికి ఇచ్చింది. తను నేల మీద కూర్చుని, మగ్గం కిందకు అద్దం పట్టి, చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. లేచేటప్పుడు పడుగు మీద వేలు పెట్టి ‘మా నాన్న కూడా’ అని ఫ్రెంచిలో చెప్పింది. తప్పు లేకుండా.

ఊళ్లో ఒక వైద్యురాలు కొత్తవారిని చేర్చుకుంటున్నారు, ఫోన్ చేసి పేర్లు అడిగి ఉంచాం. బడిలో పాప తరగతికి రెండు స్థాయిలు కలిసి పంతొమ్మిది మంది. వచ్చే ఏడాది మూసివేత లేదని చెప్పారు. మెరీలో (మేయర్ కార్యాలయం) ఎన్నికల హడావుడిలో ఉండి కూడా కార్యదర్శి మాకు పావుగంట ఇచ్చారు.

కొనడం లేదు. సెప్టెంబరు నుంచి సామాన్లతో సహా ఒక ఇల్లు ఊరి మధ్యలోనే అద్దెకు తీసుకుంటున్నాం. బడి, రొట్టెల కొట్టు, మందుల దుకాణం నడక దూరం. ఏడాది ఒప్పందం, కుదరకపోతే నెల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చు. ఒక చలికాలం గడిచాకే ఇంటి మాట. తను డ్రైవింగ్ రాత పరీక్ష పుస్తకం తెప్పించుకుంది, రాత్రి పాపకు అన్నం పెడుతూ పైకి చదువుతోంది.

వేపచెట్టు | 1 మార్చి 2026

వైద్యురాలు దొరికారంటే నాకు గుండె నిండింది. 15కు ఫోన్ చేసి ఊరు, వీధి, ఏం జరిగిందో చెప్పడం మీ భార్య చేత నాలుగుసార్లు పైకి చెప్పించండి. కాగితం మీద రాసి ఫోన్ పక్కన అంటించండి.

చలిమంట | 2 మార్చి 2026

ఆ ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా, అడిగారా? ఉంటే కట్టెలు ఇప్పుడే చెప్పి పెట్టండి. సెప్టెంబరులో అడిగితే పచ్చివే మిగులుతాయి. గొట్టం శుభ్రం చేయించిన రసీదు ఇంటి యజమాని దగ్గర తీసుకోండి, బీమావాళ్లు అడుగుతారు. కట్టెలు దించే రోజు నాకు కబురు చేయండి, వచ్చి రెండు దుంగలు కొట్టి చూసి చెబుతాను.